కుటుంబం పేరు మీద కొన్న వేగం

'ఫ్యామిలీ కారు' అన్న మాటలో రెండు పదాలున్నా పని చేసేది మొదటిదే. ఇంట్లోకి వచ్చే ఏ ఖరీదైన వస్తువైనా అది అందరి కోసమని ముందుగా రుజువు చేసుకోవాలి. వాషింగ్ మెషీన్‌కి ఆ రుజువు తేలిక. కారుకి కొంచెం కష్టం. ఆ కారు మామూలు కార్ల కంటే ఎక్కువ శక్తితో, నేలకి దగ్గరగా, మలుపుల్లో పట్టు సడలకుండా పరిగెత్తడానికని తయారైనదైతే మరీ కష్టం. అలాంటి కారు మూడేళ్లుగా మా ఇంట్లో ఉంది. కంపెనీ పేరు చెబితే ప్రకటనలా ఉంటుంది, వద్దు. నాలుగు తలుపుల సెడాన్, టర్బో పెట్రోల్ ఇంజన్, 150 హార్స్ పవర్. నడిపేది నేను. పాపని బడి దగ్గర దింపి, యూనివర్సిటీకి వెళ్లి, వచ్చేటప్పుడు కూరగాయలు కొని, నెలకోసారి అత్తయ్యని మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఈ మాత్రం పనులకి అంత ఇంజన్ అవసరమా అని చాలామంది అడిగారు. ఆ ప్రశ్నలో ఉన్న 'అవసరం' అనే మాట చాలా రోజులుగా నన్ను పట్టుకుని వదలడం లేదు.

ఇలాంటి కార్లకి పెద్ద చరిత్రే ఉంది. 1950లో ఇటలీలో ఆల్ఫా రోమియో కంపెనీ '1900' అనే సెడాన్‌ని తెచ్చి, పందేలు గెలిచే కుటుంబం కారు అని ప్రచారం చేసుకుంది. 1963లో బ్రిటన్‌లో ఫోర్డ్ కోర్టినా అనే సంసారపక్షపు కారుకి లోటస్ కంపెనీ ఇంజన్ పెట్టి అమ్మారు. 1985లో బిఎండబ్ల్యు తొలి ఎం5ని చూపించింది. అందులో 286 హార్స్ పవర్ ఇంజన్ ఉంది. బయటికి మాత్రం ఆఫీసుకి వెళ్లొచ్చే మామూలు 5 సిరీస్ కారులాగే కనిపించేది. మన దేశంలోకి స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్‌ని 2020లో 200, మళ్లీ 2025లో 100 మాత్రమే తెచ్చారు. ఈ కార్ల అభిమానులకి అన్నిటికంటే ఇష్టమైనది వేగం అనుకుంటాం గానీ, వాళ్ల మాటలు వింటుంటే వేగం కంటే ఆ వేగం కనపడకపోవడం ఎక్కువ ఇష్టమేమో అనిపిస్తుంది. మేకవన్నె పులి. వెనక సీట్లో పిల్లలు, డిక్కీలో బియ్యం బస్తా, బానెట్ కింద పులి.

'సంసారపక్షం' అనే మాట మన భాషలో ఎక్కువగా ఆడవాళ్లకి వాడతాం. కార్లకి కూడా అదే న్యాయం పనిచేయడం చూస్తే ముచ్చటేస్తుంది. మగవాడికి సంసారపక్షం ఒక వేషం. దాన్ని తొడుక్కుని తన సరదా తీర్చుకుంటాడు, ఇంటికొచ్చి విప్పేస్తాడు. నాలుగు తలుపులున్నాయి కాబట్టి సరదాకి కుటుంబం అనుమతి పత్రం దొరికినట్టే. నేను అదే కారు నడిపితే వేషం వేషంలా ఉండదు. అందరూ నమ్మేస్తారు. సిగ్నల్ దగ్గర పక్క కారు కుర్రాడు చూసి "అంకుల్ కారా మేడమ్?" అని అడుగుతాడు. బడి దగ్గర వాచ్‌మన్ "సార్ రాలేదా?" అంటాడు. ఆ బానెట్ కింద ఏముందో నేనే ఎంచుకున్నానని, అందుకోసమే ఎంచుకున్నానని ఎవరికీ తట్టదు.

కొనేటప్పుడూ ఇదే. షోరూమ్ కుర్రాడు ఇంజన్ గురించి చెప్పినంతసేపూ నా సహచరుడి వైపే తిరిగి చెప్పాడు. "సార్, హైవే మీద మీరు ఒక్కసారి తొక్కి చూడండి, అర్థమవుతుంది. మేడమ్‌కి ఎలాగూ ఆటోమేటిక్, ఇబ్బంది ఉండదు." నా సహచరుడికి డ్రైవింగ్ రాదు, నేర్చుకోవాలన్న కోరిక కూడా లేదు. "నడిపేది తనే" అన్నాడు. కుర్రాడు ఏమీ తొట్రుపడలేదు. నా వైపు తిరిగి డిక్కీ ఎంత పెద్దదో, డ్రైవర్ ముందున్న ఎండ అట్ట వెనక అద్దం ఎలా ఉందో చూపించడం మొదలుపెట్టాడు. అదే కారు, అదే అయిదు నిమిషాలు. టర్బో నాకు చేరేలోపు అద్దంగా మారిపోయింది.

ఇంట్లో చర్చకి మేం రాసుకున్న కాగితం ఇంకా నా దగ్గరుంది. వెనక సీట్లో కాళ్లకి చోటు, పాప సీటు బిగించే కొక్కేలు, ఆరు ఎయిర్‌బ్యాగులు, క్రాష్ టెస్టులో నక్షత్రాలు, డిక్కీ. అన్నీ నిజమైన అవసరాలే. అయితే వాటిలో ఒక్కటి కూడా 150 హార్స్ పవర్‌ని కోరేది కాదు. అంత శక్తిని ఆ కాగితంలో ఇరికించడానికి దొరికే దారి ఒక్కటే, భద్రత. రెండు వరసల రోడ్డు మీద లారీని దాటేటప్పుడు ఎదురు వరసలో ఎంత తక్కువసేపు ఉంటే అంత క్షేమం, శక్తి ఉన్న కారు త్వరగా దాటి తన వరసలోకి వచ్చేస్తుంది అంటారు. ఈ వాదన అబద్ధం కాదు. కానీ ఎవరి భద్రత అని ఒక్క ప్రశ్న వేస్తే కాళ్లు తడబడతాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నడిచి వెళ్తున్నవాళ్లు 32,825 మంది, రెండు చక్రాల బండి మీద వెళ్తున్నవాళ్లు 74,897 మంది. చావుల్లో 71 శాతానికి కారణం మితిమీరిన వేగమని అదే నివేదిక చెప్పింది. నక్షత్రాలు ప్రధానంగా కారు లోపల కూర్చున్నవాళ్ల కోసం ఇచ్చినవి.

లోపల కూర్చున్నవాళ్లందరికీ కూడా కాదు. దశాబ్దాలుగా క్రాష్ టెస్టుల్లో డ్రైవరు స్థానంలో కూర్చోబెట్టిన బొమ్మ సగటు మగవాడు. 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు. స్త్రీ పేరుతో వాడుతున్న బొమ్మ చాలావరకు ఆ మగబొమ్మనే కుదించింది. సగటు స్త్రీ శరీరాన్ని, మెడనీ తుంటినీ లెక్కలోకి తీసుకున్న బొమ్మని స్వీడన్ పరిశోధకులు 2022లో గానీ చూపించలేదు. వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో చేసిన అధ్యయనంలో, బెల్టు పెట్టుకున్న స్త్రీ డ్రైవర్లకి తీవ్ర గాయాలయ్యే అవకాశం మగవాళ్ల కంటే 47 శాతం ఎక్కువని తేలింది. ఎదురెదురుగా గుద్దుకునే ప్రమాదాల్లో అది 73 శాతం అని 2019లో అదే విశ్వవిద్యాలయం మరో అధ్యయనం చెప్పింది. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. పెడల్ అందాలంటే సీటు ముందుకి జరుపుకోవాలి, అంటే స్టీరింగ్‌కి ఆ బొమ్మ కంటే దగ్గరగా కూర్చోవాలి. 'కుటుంబ భద్రత' అన్నప్పుడు కుటుంబం అనే మాట ఎవరి కొలతలతో కుట్టిన చొక్కానో అక్కడ తెలుస్తుంది.

రోజూ నడపడంలో ఉన్న కష్టసుఖాలు కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా గాల్లో మాటలవుతుంది. ఇలాంటి కార్లకి స్ప్రింగులు బిగువుగా ఉంటాయి. మలుపులో ఒళ్లు ఒరగకుండా పట్టుకునేది ఆ బిగువే, తార్నాక గుంతల్లో నడుము పట్టేసేదీ అదే. నలుగురం ఎక్కితే మా కాలనీ స్పీడ్‌బ్రేకర్లని ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున దాటించాలి. రెండు క్లచ్‌ల గేరుబాక్సుకి అంగుళం అంగుళం పాకే ట్రాఫిక్ పడదు. ముందు కారుకి కాస్త చోటు వదిలి, ఒకేసారి కదలడం నేర్చుకోవాలి. ఆ చోటులోకి రెండు బైకులు, ఒక ఆటో వచ్చి చేరతాయి. ఊళ్లో లీటరుకి తొమ్మిది, పది కిలోమీటర్లు. అత్తయ్య మొదటిసారి ఎక్కినప్పుడే తీర్పు చెప్పేసింది. "గింత కిందికున్నదేంది బిడ్డా, చాప మీద కూసున్నట్టే ఉన్నది." కుటుంబం కారులో కుటుంబంలోని పెద్ద మనిషి కూర్చోలేకపోవడం మాకు ఇప్పటికీ తెగని లెక్క.

ఇక శక్తి. ఆ 150 గుర్రాల్లో బడి దారిలో కదిలేవి కొన్నే. మిగతావి లాయంలో నిలబడి దాణా తింటుంటాయి. ఎర్ర సిగ్నల్ దగ్గర ఇది ఆలోచిస్తున్నప్పుడు నాకు మన పెళ్లిచూపులు గుర్తొస్తాయి. కోడలు ఎమ్మెస్సీ అయ్యుండాలి, పీహెచ్‌డీ అయితే ఇంకా గొప్ప, శుభలేఖలో పేరు పక్కన వేయించాలి. ఆ చదువు వాడకపోయినా ఫర్వాలేదు, ఉంటే చాలు. ఉండి వాడకపోవడమే పరువు. ఈ పోలిక నాతోపాటు చదువుకున్న స్నేహితురాలికి చెబితే బాగా నవ్వింది, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. నిజానికి ఈ పోలికని ఎక్కువ దూరం లాగకూడదు. పని లేని ఇంజన్ బాధపడదు.

'అవసరం' దగ్గరికి మళ్లీ వస్తాను. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులని ఎక్కించుకుని, భర్త కార్ల్ బెంజ్‌కి చెప్పకుండా, అతను తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్ దాకా, నూరు కిలోమీటర్లకి పైగా నడుపుకుంటూ వెళ్లింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. వీస్లోక్ ఊళ్లో మందుల దుకాణంలో ఇంధనం కొన్నది. మోటారు కారు చరిత్రలో తొలి దూర ప్రయాణం అదే. చూడండి, అది కుటుంబ ప్రయాణం, ఆ బండి సత్తాకి పరీక్ష, రెండూ ఒకేసారి అయింది. ఆమె వెళ్లింది ఎక్కడికి? పుట్టింటికి. చరిత్ర పుస్తకాలు ఆ ప్రయాణానికి రెండు కారణాలు చెబుతాయి. తల్లిని చూడడం ఒకటి, భర్త బండి పనికొస్తుందని లోకానికి చూపించడం రెండోది. రెండూ నిజమే అయ్యుండొచ్చు. తెల్లవారుజామున ఇంట్లో ఎవరూ లేవకముందే బండి తీసిన ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషికి మూడో కారణం కూడా ఉండొచ్చని ఎందుకు రాయరో నాకు అర్థం కాదు. ఆమెకి సరదా పుట్టి ఉండొచ్చు కదా!

నూట ముప్ఫై అయిదేళ్ల తర్వాత, 2023 డిసెంబరు 9న, తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో టికెట్ లేకుండా ప్రయాణం మొదలైంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటిదే వచ్చింది. ఆటోడ్రైవర్ల బతుకుతెరువు దెబ్బతిన్నదన్న బాధ నిజమైనది, దానికి వేరే జవాబు వెతకాలి. కానీ నేను ఎక్కువగా విన్న ఫిర్యాదు అది కాదు. "పనీ పాటా లేకుండా తిరుగుతున్నారు." బస్సులో సీటు దొరకని మగవాళ్లు అన్నారు, మా స్టాఫ్ రూములో అన్నారు, పెళ్లి భోజనాల దగ్గర అన్నారు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఒక ఆదివారం జీరో టికెట్ మీద తన బస్తీ ఆడవాళ్లు ఇద్దరితో కలిసి యాదగిరిగుట్టకి వెళ్లొచ్చింది. మొక్కుందా అని అడిగాను. "మొక్కేం లేదమ్మా. ఊకెనే పోయినం. పోవద్దా?" అంది. ఆ 'పోవద్దా'లో నా మీద కూడా కొంచెం కోపం ఉంది, ఉండాల్సిందే.

గుడి, ఆస్పత్రి, బడి, పుట్టిల్లు. ఆడదాని కదలికకి మన సమాజం ముద్ర వేసి ఇచ్చిన అనుమతులు ఇవే. బస్సెక్కిన ఆమెకీ కారెక్కిన నాకూ ఈ పట్టికలోంచి ఒకటి చూపించాల్సి వస్తుంది. మనం స్త్రీవాదంలో శ్రమ గురించి, హింస గురించి, హక్కుల గురించి చాలా రాసుకున్నాం, ఇంకా రాయాలి. శరీరం గురించి, కోరిక గురించి కూడా రాసుకున్నాం. ఎవరికీ సేవ చేయని, ఎవరి ప్రేమతోనూ సంబంధం లేని చిన్న సుఖాల గురించి, ఊరికే పోవడం గురించి తక్కువ రాశాం. మనలో కూడా ఒక గుమాస్తా కూర్చుని 'ప్రయోజనం' గడి నింపమని అడుగుతుంటుందని నా అనుమానం.

నాకు ఆ కారు ఇచ్చే సుఖం ఇది. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక అడవి మొదలవుతుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలని వదలరు, కాబట్టి తెల్లవారి వెళ్తే గేటు తీసేసరికి అడవి ఇంకా తడిగా ఉంటుంది. దోమలపెంట, ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో వేగం గంటకి నలభై, మించితే యాభై. మలుపుకి ముందే బ్రేకు వదిలేయాలి. కారు బరువు ముందు చక్రాల మీదికి వచ్చి, నెమ్మదిగా బయటి వైపు చక్రాల మీదికి జరుగుతుంది. చేతులకి ఆ బరువు తెలుస్తుంది. మలుపు సగం దాటాక కాలు ఒక్క వెంట్రుకవాసి నొక్కితే వెన్ను సీటుకి ఆనుతుంది, కారు తనంతట తాను నిటారవుతుంది. ఒక వాక్యం ఎక్కడ ఆగాలో అక్కడ ఆగినప్పుడు కలిగే తృప్తి లాంటిది. ఇది వేగం కాదు, నేర్పు. అవుటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి గంటకి 120 కిలోమీటర్లు అనుమతించారు, అక్కడ అంత వేగంలోనూ నాకు ఈ సుఖం దొరకలేదు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి నడిచేవాళ్లనీ, బైకులనీ రానివ్వరు. ఎవరూ లేని చోట వేగానికి నేర్పుతో పనేముంది!

నల్లమల దారిలో మనుషులున్నారు. చెంచు పెంటల నుంచి వచ్చిన ఆడవాళ్లు కట్టెల మోపుతో రోడ్డు పక్కన నడుస్తుంటారు. కారు చప్పుడు వినగానే మట్టిలోకి దిగి ఆగుతారు. నా సుఖానికి వాళ్లు పక్కకి తప్పుకోవాలి. ఎంత నెమ్మదిగా వెళ్లినా ఆ తప్పుకోవడం ఆగదు, ఎందుకంటే అంతకుముందు వెళ్లిన వంద కార్లు వాళ్లకి దాన్ని నేర్పాయి. మా ఇంట్లో పనిచేసే ఆవిడకీ నాకూ మధ్య ఉన్న పోలిక ఇక్కడ తెగిపోతుంది. ఆమె ఊకెనే పోయినప్పుడు ఎలాగూ వెళ్లే బస్సులో ఒక సీటు నిండింది, అంతే. నేను ఊరికే వెళ్లినప్పుడు పెట్రోలు కాలింది, పొగ వచ్చింది, ఎవరో రోడ్డు దిగారు. బస్టాపులో ఎండలో నిలబడ్డ ఆమె ముందునుంచి ఏసీ వేసుకుని వెళ్లేది నేనే. ఆడవాళ్ల సుఖానికి సంజాయిషీ అక్కర్లేదని నేను వాదించగలను. కానీ కుటుంబం పేరు కొట్టేసి ఆ చోట స్త్రీవాదం పేరు రాసుకుంటే అది కూడా దొంగ రసీదే అవుతుంది. ఇష్టమా, అవసరమా అని అడిగే హక్కు ఇంటి పెద్దలకీ షోరూమ్ కుర్రాడికీ లేదు. నీ ఇష్టం ఎవరి మీద పడుతోంది అని అడిగే హక్కు రోడ్డు దిగిన మనిషికి ఉంది. ఈ రెండు ప్రశ్నలనీ ఒకటిగా కలిపేయడం వల్లే మొదటిదాన్ని తప్పించుకోవాలనే తొందరలో రెండోదాన్ని కూడా వదిలేస్తున్నాం.

తర్వాతి కారు గురించి మా ఇంట్లో ఇప్పుడే మాటలు మొదలయ్యాయి. డ్రైవింగ్ రాకపోయినా నా సహచరుడికి ఎస్‌యూవీ మీద మనసుంది. ఎత్తుగా ఉంటుంది, అమ్మ హాయిగా ఎక్కి దిగుతుంది అంటాడు. నేను వద్దంటున్నాను. అమెరికాలో హైవే భద్రత మీద పనిచేసే బీమా సంస్థ ఒకటి 2023లో చెప్పినదాన్ని బట్టి, బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన వాహనాలు గుద్దితే పాదచారి చనిపోయే అవకాశం, 30 అంగుళాల లోపు, ఏటవాలు బానెట్ ఉన్న కార్లతో పోలిస్తే 45 శాతం దాకా ఎక్కువ. కుటుంబం కోసం అనే మాట ఎత్తు కార్ల విషయంలో ఎంత సులువుగా చెల్లిపోతుందో, అసలు ప్రశ్నే రాదు! నా కిందికున్న కారుకే మూడేళ్లుగా విచారణ. ఇదంతా నేను బాగానే వాదిస్తాను. అత్తయ్య మోకాళ్ల దగ్గరికొచ్చేసరికి వాదన ఆగిపోతుంది.

ప్రస్తుతానికి ముందు సీటు మీద రెండు దిండ్లు వేస్తున్నాం. దిగేటప్పుడు ఆమె నా భుజం పట్టుకుంటుంది. పోయిన నెల ఆస్పత్రి ముందు అలా పట్టుకుని లేస్తూ, "ఎవలి కోసం కొన్నరు బిడ్డా దీన్ని?" అని అడిగింది.

"నా కోసం అత్తయ్యా" అన్నాను.

"గట్లనా" అంది. రెండు మెట్లు ఎక్కి, ఊపిరి తీసుకుని, "మరి నా కోసం కొనేది గింత ఎత్తుండాలె" అని నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.